డ్రైవరు వెనక సీటు

మా మరిది బస్సు నడుపుతాడు. మరిది అంటే మా చెల్లెలి భర్త. ఊళ్ళో అందరూ అతన్ని నిదానం అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే పలకడు. నోట్లో నాలుక లేని మనిషి. మా చెల్లెలు మాత్రం ఇద్దరికీ సరిపడా మాట్లాడేది. సరిగ్గా అతని వెనక సీట్లో కూర్చుని, "మలుపు చూసుకో, ఆ ముసలాయన్ని దాటనియ్యి, అద్దం తుడిచావా లేదా" అంటూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. అతను ఒక్కనాడూ విసుక్కోలేదు. నేనైతే మధ్యలోనే దిగి నడిచిపోయేదాన్ని.

మా ఊళ్ళో ఇళ్ళన్నీ గుట్ట మీద, పనులన్నీ కింద బజార్లో. నా టైలరింగ్ షాపూ అక్కడే. ఒకప్పుడు ఇంటికో స్కూటరు, కళ్ళు మండే పొగ, ప్రతి మలుపులో ఒక తగాదా. ఉన్న ఒక్క డీజిల్ బస్సూ గుట్ట ఎక్కలేక దగ్గుతూ ఆగిపోయేది. దాని బదులు బస్సుల ఆఫీసువాళ్ళు చిన్న కరెంటు బస్సు వేశారు. దానికి చప్పుడే లేదు. వెనకనుంచి వచ్చి పక్కన నిలబడేదాకా వచ్చినట్టే తెలిసేది కాదు. మొదట్లో దాన్ని దెయ్యం బండి అని ఆడిపోసుకున్నాం. తరవాత అదే ముద్దయింది. బడి పెద్ద టీచరమ్మ స్కూటరు అమ్మేసింది. రాళ్ళు కొట్టే తాత ఆసుపత్రికి ఒకరి సాయం లేకుండా వెళ్ళొచ్చేవాడు. నేను బట్టల మూటలు మొయ్యడం మానేశాను.

ఆ బస్సులో ఎవరి సీటు వాళ్ళదే. ఎవరూ రాసి పెట్టలేదు, అలా కుదిరిపోయింది. గడియారాలు బాగుచేసే ఆయన పోయిన మర్నాడు ఆయన సీట్లో ఎవరూ కూర్చోలేదు. ఆ తరవాత నర్సమ్మ పోయింది, ఆ సీటూ అంతే. ఆపైన బేకరీ ఆయన, ఆపైన ఇంకొకరు. చివరికి నిరుటి వానల్లో జ్వరమొచ్చి మా చెల్లెలు. సీట్లు ఖాళీగా ఉండేవి, మేం కమ్మీ పట్టుకుని నిలబడేవాళ్ళం. కొత్తగా ఎక్కినవాళ్ళు కూర్చోబోతే అందరం ఒక్కసారిగా "అక్కడ కాదు" అనేవాళ్ళం. వాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూసేవారు.

మా చెల్లెలు పోయాక కొన్నాళ్ళకి ఆఫీసువాళ్ళు సీట్ల కింద ఏవో తీగలు పెట్టించారు. డ్రైవరు ముందు ఒక బోర్డు బిగించారు. దాని మీద బస్సు బొమ్మ, సీటుకో చిన్న దీపం. మనిషి కూర్చుంటే వెలుగుతుంది, లేస్తే ఆరుతుంది. ఆ లెక్క ఆఫీసుకీ పోతుంది. నిలబడ్డవాళ్ళు లెక్కలోకి రారు. ఇంకేముంది, ఆఫీసునుంచి కబురొచ్చింది. సగం సీట్లు ఖాళీగా తిరుగుతున్నాయి, ఇలాగే ఉంటే ఈ బస్సుని పక్క ఊరికి పంపేస్తాం అని.

ఎన్నడూ లేనిది ఆ రోజు నిదానం బస్సు ఆపి, లేచి నిలబడి మాట్లాడాడు. "దండం పెడతాను, కూర్చోండి. బస్సు పోతుంది."

పెద్ద టీచరమ్మ గడియారాలాయన సీటు వంక చూసి తల అడ్డంగా ఊపింది. "ఎలా కూర్చోమంటావు బాబూ? ఆయన ఒళ్ళో కూర్చున్నట్టుంటుంది."

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. ఎవరూ కూర్చోలేదు కూడా. నాకు ఒళ్ళు మండింది. అందరినీ తిట్టాను. తిట్టి, నేనూ కమ్మీ పట్టుకునే నిలబడ్డాను.

కొన్నాళ్ళకి, మబ్బు పట్టిన ఒక పొద్దున, నేను ఎక్కగానే నిదానం నా కొంగు పట్టుకున్నాడు. ఎప్పుడూ అంత చనువు తీసుకోని మనిషి.

"వదినా, మీరొకసారి ఈ బోర్డు చూడండి. నా కళ్ళేనా, ఇంకేమన్నానా?"

చూశాను. బోర్డు మీద గడియారాలాయన సీటు దీపం వెలుగుతోంది. తిరిగి సీటు చూశాను. ఖాళీ. దగ్గరికి వెళ్ళాను. రెక్సిన్ మధ్యలో పల్లం పడి ఉంది. బస్సు కదిలినా అక్కడే నిలబడ్డాను. నేను చూస్తుండగానే బస్సు బజారు దగ్గర ఆగింది, తలుపు తెరుచుకుంది. ఆ పల్లం మెల్లిగా పైకి లేచి సమమైపోయింది. దీపం ఆరిపోయింది. ఆయన ఎప్పుడూ దిగేది అక్కడే.

తీగల్లో తేడా అనుకుందామా? నేను కొలతలు నమ్మేదాన్ని, దెయ్యాల్ని కాదు. వారమంతా షాపు ఆలస్యంగా తెరిచి మరీ చూశాను. నర్సమ్మ దీపం నర్సమ్మ ఇంటి దగ్గర వెలిగి ఆసుపత్రి దగ్గర ఆరేది. బేకరీ ఆయనది అందరికంటే ముందు వెలిగేది. వాళ్ళెక్కేచోట బస్సు ఒక పక్కకి కాస్త వంగేది, మనిషి మెట్టు మీద కాలు పెడితే వంగినట్టు. ఎవరూ కనిపించేవారు కారు. సంగతి అందరికీ తెలిసిపోయింది. ఎవరూ పైకి అనలేదు. దారి మధ్యలో నిలబడ్డవాళ్ళు మాత్రం, తలుపు తెరుచుకోగానే, కాస్త పక్కకి జరిగేవారు.

ఆఫీసు లెక్కలో ఇప్పుడు సీట్లన్నీ నిండుతున్నాయి. ఒక్కటి తప్ప. డ్రైవరు వెనక సీటు దీపం వెలగలేదు.

ఇక అప్పటినుంచి మా మరిదికి బస్సు మీద తాపత్రయమంతా ఆ ఒక్క దీపం కోసమే. చెల్లెలు ఎక్కేది నీళ్ళ ట్యాంకు దగ్గర. అక్కడ తలుపు తెరిచి ఉంచి కూర్చునేవాడు. వెనక్కి తిరగడు, బోర్డు వంకే చూస్తాడు. బండి వంగేది కాదు, దీపం వెలిగేది కాదు. మాకు ఆలస్యమైనా ఎవరం నోరెత్తేవాళ్ళం కాదు. చివరికి తలుపు వేసి బయల్దేరేవాడు. అతని మెడ వెనకనుంచి చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది.

ఒక సాయంత్రం అతను బజారు వెనక బస్సుకి ఛార్జింగ్ పెట్టి మెట్ల మీద కూర్చుని ఉంటే, పక్కన కూర్చున్నాను.

"అందరి మనుషులూ వస్తున్నారు వదినా," అన్నాడు. "గడియారాలాయనకి ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు కూడా లేరు. ఆయనా వస్తున్నాడు. నేనేం చేశానని నా మీద అంత కోపం?"

"దానికి నీ మీద కోపమేంటయ్యా? మా మీద ఉంటే ఉండొచ్చు."

"మరి రాదేం?"

ఆ పొద్దున అతను ఆ ఖాళీ సీటుని కసురుకున్నాడట. రాకపోతే మానెయ్యి, నీకోసం రోజూ పడిగాపులు పడలేను అన్నాడట. అది బతికుండగా పల్లెత్తు మాటనని మనిషి. చెప్తూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

తరవాత ఆఫీసునుంచి ఒక అమ్మాయి వచ్చింది. మేం ఆమెకి లెక్కలమ్మాయి అని పేరు పెట్టాం. ఖాళీ బస్సు ఉన్నట్టుండి ఎలా నిండిందో చూసి, బస్సు ఉంచాలో పంపాలో తేల్చడానికి వచ్చింది. చేతిలో ఫోను, అందులోనూ అదే బస్సు బొమ్మ. నీళ్ళ ట్యాంకు దగ్గర ఎక్కింది. మేం "అక్కడ కాదు" అనేలోపే వెళ్ళి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

టీచరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిదానం బోర్డు వంక చూస్తూ ఉండిపోయాడు.

లెక్కలమ్మాయి ఫోను చూసుకుంది. లేచింది, మళ్ళీ కూర్చుంది. "ఇదేంటండీ, నేను కూర్చున్నా చూపించట్లేదు? ఈ సీటు పని చెయ్యట్లేదే. మీరెప్పుడూ గమనించలేదా?"

నాకు అప్పుడు తట్టింది. చెల్లెలు పోయినప్పటినుంచి ఆ సీట్లో ఎవరం కూర్చోలేదు. బోర్డు బిగించింది ఆ తరవాతే. ఆ దీపం అసలు వెలుగుతుందో లేదో ఎవరికీ తెలియదు.

"వదినా," అన్నాడు, ముందుకే చూస్తూ. "అయితే రోజూ వస్తూనే ఉందా?"

"బండి వంగలేదుగా" అందామనుకున్నాను. కానీ మా చెల్లెలు చివరి రోజుల్లో చిక్కి పుల్లయిపోయింది. ఎత్తి మంచం మార్చింది నేనే. బండి వంగేంత బరువు దానికెక్కడిది? ఆ మాట అనలేక, "ఏమో నాయనా" అన్నాను.

లెక్కలమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. ఫోనులో మిగతా దీపాలన్నీ వెలుగుతున్నాయి, కళ్ళు దాని మీంచి తియ్యలేదు, జనం నిలబడి కూడా ఉన్నారు, ఆమెకి అంతే కావాలి. బస్సు మీ ఊళ్ళోనే ఉంటుంది అని చెప్పి బజార్లో దిగింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. మర్నాడే మెకానిక్‌ని పంపింది. అతను సీటు కింద దూరి చూసి నాలిక కరుచుకున్నాడు.

"తీగ మొదట్నుంచీ తగిలించనే లేదు. అప్పుడు బిగించింది నేనే, నాదే పొరపాటు. నిమిషంలో అయిపోతుంది, కలిపేస్తాను."

నిదానం అతని మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు."

"ఏం, పిచ్చి పట్టిందా నీకు?" నేను అరిచాను. నిజం చెప్పాలంటే అతనికంటే నాకే ఆత్రంగా ఉంది. అది నా చెల్లెలు. "కలపనియ్యి. వస్తోందో లేదో రేపీపాటికి తెలిసిపోతుంది!"

అతను సీటు వంక తిరిగి చూశాడు. ఇన్ని నెలల్లో అటు తిరిగి చూడటం అదే మొదటిసారి.

"వెలక్కపోతే?" అన్నాడు. "అప్పుడు నేనేం కావాలి వదినా?"

మెకానిక్ నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని దిగిపోయాడు.