చోప్ చేసిన చోటు

ఫుట్‌బాల్ క్లబ్‌లో ఉద్యోగం అంటే మా పిన్ని ఫోన్లోనే నవ్వేసింది. "గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడతావు, నీకు ఫుట్‌బాల్ ఏంటే?" అంది. ఆడేది నేను కాదు, ఆడేవాళ్ల జీతాల లెక్క చూస్తానని చెప్పాను. ఆవిడకు అదీ నమ్మకంగా అనిపించలేదు.

స్టేడియం మెట్ల కింద కిటికీ లేని గదిలో నా బల్ల. మ్యాచ్ రోజు పైన జనం లేచి నిలబడితే పైకప్పు సన్నగా అదిరేది. నాకు ఆ గది నచ్చింది. ఎవరూ రారు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. సొరుగులో ఎప్పుడూ ఒక తెలుగు నవల ఉండేది. మధ్యాహ్నం అన్నం తింటూ చదువుకునేదాన్ని.

మేం ఆడే లీగ్‌లో ఒక నియమం ఉంది. ఒక క్లబ్ తన ఆటగాళ్లందరికీ కలిపి ఇచ్చే జీతాలు ఒక హద్దు దాటకూడదు. దాన్నే సాలరీ క్యాప్ అంటారు. డబ్బున్న క్లబ్బులు మంచి ఆటగాళ్లందర్నీ ఎగరేసుకుపోకుండా పెట్టారట. మాది డబ్బున్న క్లబ్ కాదు. కానీ పాత ఒప్పందాలే చాలా భాగం తినేయడంతో ఆ ఏడు హద్దు మాకే ముందు తగిలింది. మిగిలింది ఇరుకు చోటు. అందులో పేరున్న విదేశీ స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టేవాడు, ఒకడు పడతాడు. లేదా కాస్త సర్దితే మా లెఫ్ట్ బ్యాక్, అతనితోపాటు మామూలు స్ట్రైకర్ ఒకడు పడతారు. అందరూ పట్టరు.

ఆ లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్క నుంచి వచ్చే దాడిని ఆపేవాడు, హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబంలోవాడు. పుట్టిందీ పెరిగిందీ ఈ దేశంలోనే, చోవా చూ కాంగ్ అనే పేటలో. ఇంట్లో దఖ్ఖనీ, తెలుగు. క్లబ్ మొత్తంలో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. నాకంటే రెండేళ్లు చిన్న. అతని ఒప్పందం ఆ సీజన్‌తో ముగిసింది. ప్రాక్టీస్ అయ్యాక తలుపు దగ్గర నిలబడి అడిగేవాడు.

"ఏమైంది అక్కా నా ముచ్చట? ఉన్ననా, పోయిననా?"

"ఇంకా తేలలేదు."

"తేలుడు ఉంటే మునుగుడు కూడా ఉంటదా లా?"

ఇక్కడి వాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలించి నవ్వేవాడు కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు. ఈసారి కాంట్రాక్ట్ రాకపోతే ఆట మానేస్తానని వాళ్ల నాన్నకు మాట ఇచ్చాడు. జురాంగ్ వెస్ట్‌లో ఒక గోడౌన్‌లో ఉద్యోగం సిద్ధంగా ఉంది, వాళ్ల చాచా మాట్లాడి పెట్టాడు. "ఒక్క సీజన్ ఇంట్ల కూసుంటే మళ్ల ఎవడు పిలుస్తడు అక్కా? కాళ్లు మరిచిపోతయ్" అన్నాడొకసారి. ఆ వాక్యం ఆ రోజు డైరీలో రాసుకున్నాను. దాని కింద ఇంకేం రాయడానికి తోచలేదు.

నిర్ణయం నాది కాదు, కోచ్‌ది. పైన సంతకం పెట్టేది మేనేజర్. కోచ్ యాభై దాటిన మలయ్ మనిషి, మంచివాడు. లెఫ్ట్ బ్యాక్‌ను స్కూల్ రోజుల నుంచి చేరదీసి ఆట నేర్పింది ఆయనే. ఒకరోజు భోజనానికి మేనేజర్‌నీ నన్నూ పక్కనున్న హాకర్ సెంటర్‌కి, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాలుకి, తీసుకెళ్లాడు. అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. ఇక్కడ ప్లేటు తెచ్చుకోవడానికి క్యూలోకి వెళ్లేముందు ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తారు. అంటే ఆ చోటు తీసుకున్నట్టే. దాన్ని చోప్ చేయడం అంటారు. కాగితం పొట్లమే అయినా ఎవరూ పక్కకు తోయరు. ముసలివాళ్లు ట్రే పట్టుకుని నిలబడతారు గానీ ఆ బల్ల దగ్గర కూర్చోరు.

కోచ్ టిష్యూ పెట్టి వచ్చి క్యూలో నా వెనక నిలబడ్డాడు. "స్ట్రైకర్ ఏజెంట్ మాట్లాడాడు. వస్తాడు, తొంభై శాతం వస్తాడు. క్యాప్‌లో మిగిలిన చోటు అతనికి చోప్ చెయ్యి. ఎవర్నీ కూర్చోనివ్వకు."

"లెఫ్ట్ బ్యాక్ సంగతి..." అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"వాడు మా పిల్లాడు లా. వాడెక్కడికి పోతాడు? వెయిట్ చేస్తాడు."

మేనేజర్ తల ఊపాడు. గోల్స్ కొట్టేవాడుంటే స్పాన్సర్లు వస్తారు, ఎడమ పక్క నిలబడడానికి ఎవరో ఒకరు దొరుకుతారు అన్నాడు. ఇద్దరూ నూడుల్స్ తిన్నారు. నేను తినలేకపోయాను.

రెండు రోజులు కూర్చుని ఇంకో లెక్క వేశాను. ఖరీదైన స్ట్రైకర్ బదులు కిందటేడు మాకే ఆడిన పాత స్ట్రైకర్‌ను ఉంచితే, లెఫ్ట్ బ్యాక్ జీతం కొంచెం తగ్గించుకుంటే, ఇద్దరూ పడతారు. తగ్గించుకోవడానికి అతను ఒప్పుకున్నాడు, "ఎంతైనా సరే అక్కా" అన్నాడు. నా లెక్క కోచ్‌కి చూపించాను. నోరు తెరిచి చెప్పడం కంటే కాగితం ముందు పెట్టడం నాకు సులువు. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు.

"ఎక్సెల్‌లో ఫుట్‌బాల్ ఆడుతున్నావా గర్ల్? గోల్ ఎవరు కొడతారు, నువ్వా?"

గదిలో ఉన్న అసిస్టెంట్ కోచ్ నవ్వాడు. కాగితం వెనక్కి తీసుకున్నాను.

ఆ వారం అతని అమ్మ ఫోన్ చేసింది. నా నంబర్ కొడుకు దగ్గర తీసుకుందట.

"బేటీ, గీ క్యాప్ క్యాప్ అంటున్నరు, క్యాప్ అంటే టోపీయే కదా?"

"అవును ఆంటీ. కానీ ఇది జీతాలకు..."

"మా వాని నెత్తిన టోపీ పెడ్తున్నరా ఏంది? నిజం జెప్పు."

లేదని చెప్పాను. చెప్పేటప్పుడు అది నిజమే. కోచ్ అతన్ని మోసం చేయాలనుకోలేదు. ఇద్దర్నీ ఉంచుకోవచ్చని అనుకున్నాడు, అంతే. ఒకడికి బల్ల మీద చోటు ఉంచి, ఇంకొకణ్ని వెనక నిలబెట్టి.

అంతలో ఇంకో క్లబ్ లెఫ్ట్ బ్యాక్‌ను అడిగింది. చిన్న క్లబ్, తక్కువ జీతం, కానీ వెంటనే సంతకం. అతను నా దగ్గరికి వచ్చాడు. నేను ఎవరికీ సలహాలు చెప్పను. ఆ రోజు మాత్రం చెప్పాను.

"వెళ్లిపో."

"అట్లంటవేంది?"

"ఇక్కడ ఖాళీ లేదు. చోప్ అయిపోయింది. ఇవాళే వెళ్లి సంతకం పెట్టు."

"కోచ్ ఆగుమన్నడు అక్కా. చిన్నప్పటి సంది ఆయన ఆగుమంటె ఆగిన, ఉరుకుమంటె ఉరికిన. గిప్పుడు ఆయన్ని కాదని ఎట్ల పోను?"

వెళ్లలేదు. ఆ క్లబ్ మరొకర్ని తీసుకుంది.

ఆటగాళ్ల పేర్లు నమోదు చేసే గడువు దగ్గరపడుతున్న కొద్దీ స్ట్రైకర్ ఏజెంట్ మాటలు మారాయి. టికెట్ రేపు, టికెట్ ఎల్లుండి, భార్యకు ఒంట్లో బాగాలేదు. నాకు ఆ హాకర్ సెంటరే గుర్తొచ్చేది. అక్కడ టిష్యూ పెట్టినవాడు క్యూలో నిలబడి ఉంటాడు, తిరిగి వస్తాడు. మేం చోటు ఉంచింది ఎవరికోసమో ఆ మనిషి అసలు మా క్యూలోనే లేడు. ఇది కోచ్‌కి చెప్పాలని వాక్యం కూడా తయారు చేసుకున్నాను. చెప్పలేదు. చెప్పి ఉన్నా మళ్లీ నవ్వేవారేమో.

ఆఖరి రోజు మధ్యాహ్నం మేనేజర్ నా గది తలుపు దగ్గరికి వచ్చి ఫోన్ నాకు చూపించాడు. స్ట్రైకర్ పక్క దేశంలో వేరే జట్టుకు సంతకం పెట్టాడు.

"లెఫ్ట్ బ్యాక్‌ను పిలవండి సర్, సాయంత్రం దాకా టైముంది" అన్నాను. ఆ ఉద్యోగంలో నేను అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే.

మేనేజర్ ఫోన్ చేశాడు. కోచ్ చేశాడు. నేను చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. వాళ్లమ్మకు చేశాను. "గోడౌన్ల చేరిండు బేటీ, పొద్దుగాల్నే పోయిండు. లోపటికి ఫోన్లు తీస్కపోనియ్యరంట, లాకర్ల పెట్టాల్నంట" అంది. గోడౌన్ పేరు ఆమెకు తెలియదు. ఆమె భర్త మసీదులో ఉన్నాడు, ఆయన ఫోన్ కూడా ఆగిపోయి ఉంది. ఆయన బయటికి వచ్చి పేరు చెప్పగానే కోచ్ కారు తీశాడు. ఎక్స్‌ప్రెస్‌వే మీద వాన, వాహనాల బారు. గడువు దాటేసరికి కోచ్ ఇంకా దారిలోనే ఉన్నాడు.

తర్వాత కాసేపటికి నా ఫోన్ మోగింది.

"అక్కా, ఇన్ని మిస్డ్ కాల్స్ ఏంది? అమ్మీ మంచిగనే ఉంది కదా?"

"అమ్మ బాగుంది."

"మరేంది?"

చెప్పాను. అవతల ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తున్నట్టు బీప్ బీప్ శబ్దం.

"అంటే ఆ చోటు ఖాళీగనే ఉండెనా?"

"ఉంది."

"షురూ నుంచి?"

"మొదట్నుంచీ."

అతను ఏడవలేదు, తిట్టలేదు. "సరే అక్కా, సూపర్‌వైజర్ చూస్తున్నడు" అని పెట్టేశాడు. ఆ సీజన్ మొత్తం ఆ జీతం ఎవరికీ వెళ్లలేదు. హద్దు లోపల భద్రంగా మిగిలింది. ఎడమ పక్కన కుడికాలి ఆటగాణ్ని నిలబెట్టారు. వారం వారం అటునుంచే గోల్స్ పడ్డాయి. కోచ్ నా గది వైపు రావడం మానేశాడు. ఒకసారి కారిడార్‌లో ఎదురైతే మంచినీళ్ల మిషన్ వైపు తిరిగాడు.

దీనికంతటికీ ముందు, ఆ సీజన్ ఇంకా మొదలవక ముందే, ఒక ఆదివారం, లెఫ్ట్ బ్యాక్ గోడౌన్ డ్యూటీ నుంచి నేరుగా క్లబ్ బ్యాగు తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ట్రాక్‌సూట్లు, షర్టులు ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉన్నాయి, వాళ్లమ్మ పని. నేను ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాను.

"సాక్సులు ఒక జత తక్కువున్నయ్ అక్కా. జీతంలకెళ్లి కట్ చేస్కో."

"ఏ జీతంలోంచి?" అనేశాను. అని నాలుక కరుచుకున్నాను.

"అవును కదా" అన్నాడు. మెల్లగా నవ్వాడు కూడా.

బయటిదాకా వెళ్లాను. మైదానంలో చిన్నపిల్లల జట్టు ప్రాక్టీస్ చేస్తోంది. బంతి ఒకటి గీత దాటి దొర్లుకుంటూ అతని వైపే వచ్చింది. అతను ఎడమకాలు సగం ఎత్తాడు. కాలికి గోడౌన్‌వాళ్లు ఇచ్చిన ఇనుప ముక్కు బూట్లున్నాయి. కాలు దించి, వంగి బంతిని రెండు చేతులతో తీసి పిల్లలకు విసిరాడు. వాళ్లు థాంక్యూ అంకుల్ అని అరిచారు.