పామర్రు బస్సులో దేవుడి సీటు

పామర్రు దగ్గర ఒక చిన్న సంఘంలో శనివారం స్త్రీల కూడిక. అక్కడ బైబిలు వాక్యం చెప్పమని పాస్టరమ్మగారు నన్ను పిలిచారు. అంశం: మన నడవడి పదిమందికి వెలుగుగా ఉండడం. నేనెప్పుడూ వాక్యం చెప్పినదాన్ని కాదు. రేపు సిద్ధపడదాం, ఎల్లుండి సిద్ధపడదాం అనుకుంటూ చివరికి బస్సులో సిద్ధపడదామని తేల్చుకున్నాను. అందుకు సీటు కావాలి.

ఉదయం ఎనిమిదింటికి బెజవాడ భవానీపురంలో ఆటో ఎక్కి, బస్టాండులో ఇడ్లీ తిని వెళ్ళేసరికి బందరు బస్సు చుట్టూ జనం. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితమయ్యాక ఈ దారిన వెళ్ళేవారికి నా సలహా ఒక్కటే: తలుపును నమ్ముకోకండి, కిటికీలోంచి చేతిరుమాలు వేయండి. నా రుమాలు ఇంట్లో ఉండిపోయింది. చేతిలో ఉన్నది వేసేశాను. అది సిలువ గుర్తున్న జిప్పు కవరు, లోపల పరిశుద్ధ గ్రంథం.

తోసుకుంటూ ఎక్కి, కండక్టరు పక్కన తలుపు దగ్గరే ఇరుక్కుపోయాను. సీటు మాత్రం ఖాళీగానే ఉంది. రుమాలైతే తీసి అవతల పారేసేవారు. దేవుడి పుస్తకాన్ని ఎవరు కదుపుతారు? బస్సంతా కిక్కిరిసినా గ్రంథం ఒక్కటే దర్జాగా కూర్చుంది. ఒక మామ్మగారు దాన్ని తాకి కళ్ళకద్దుకుని, మళ్ళీ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"ఎవరిదండీ ఇది? దేవుడి పేరు చెప్పి సీటు ఆపుతారా!" అని కండక్టరు అరిచాడు.

నాదే అని చెప్పాలి. కానీ ఈ బస్సులోవాళ్ళే కూడికకు వస్తే? సిగ్గుతో చచ్చిపోయాను.

"అవునండీ, ఏం మనుషులో!" అన్నాను.

ఉయ్యూరులో నిండు గర్భిణి ఒకామె ఎక్కింది. గ్రంథం పక్క సీట్లో బుర్ఖా వేసుకున్న పెద్దావిడ, గాజుల మూటతో కూర్చుని ఉంది. ఆవిడ గ్రంథాన్ని రెండు చేతులా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో తల్లీ. దేవుడేం అనుకోడులే. పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంటది."

పామర్రు వచ్చింది. దిగాలంటే గ్రంథం కావాలి, గ్రంథం కావాలంటే నిజం చెప్పాలి.

"అది నాదండీ" అన్నాను పెద్దావిడతో.

"నీదా? ఇందాకట్నుంచీ అక్కడే నిలబడ్డావు కదమ్మా! ఎక్కడికెళ్తున్నావు?"

"వాక్యం చెప్పడానికండీ."

"దేని గురించి?"

చెప్పాను. బస్సంతా గొల్లున నవ్వింది. కండక్టరు రైట్ చెప్పడం కూడా మర్చిపోయి నవ్వాడు. పెద్దావిడ మాత్రం కవరు తుడిచి నా చేతికిచ్చి, "బాగా చెప్పు తల్లీ" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

సిద్ధపడిందేమీ లేదు కనుక కూడికలో జరిగింది జరిగినట్టే చెప్పేశాను. ఈ రోజు వెలుగు నేను కాదు, ఆ గాజులావిడ అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. మధ్యాహ్నం కోడికూరతో కడుపునిండా భోజనం పెట్టారు.

నాలుగింటికి తిరుగు బస్సు. కూడికకు వచ్చిన శాంతమ్మగారు కూడా నాతోపాటు ఎక్కారు. ఉన్నది ఒక్క సీటు.

"కూర్చోండమ్మా. మీ వాక్యం విన్నాక నేనెట్లా కూర్చుంటాను?"

"చెప్పినదాన్ని నేనెట్లా కూర్చుంటానండీ?"

మీరంటే మీరు అని మేము బతిమాలుకుంటుండగా ఒకాయన "కొంచెం జరగండమ్మా" అంటూ మా మధ్యలోంచి దూరి కూర్చున్నాడు. బెజవాడ దాకా మా ఇద్దరి కాళ్ళూ లాగేశాయి, నవ్వు మాత్రం ఆగలేదు. నా మొదటి వాక్యం వల్ల మేలు పొందిన మనిషి, అందులో ఒక్క ముక్క కూడా వినకుండానే, కళ్ళెదుటే గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.