మామ పడవకు కళ్ళు

పన్నెండేళ్ల వయసులో మా ఊరు జువ్వలదిన్నెలో సముద్రం ఒడ్డున కూర్చుని మా మేనమామ పడవ బొమ్మ గీశాను. మర్నాడు ఆయన వలలో ఒక్క చేప పడలేదు. నేరుగా మా ఇంటికొచ్చి, "నువ్వు బొమ్మేసినావు, నా పడవకి దిష్టి తగిలింది మే," అంటూ నా బొమ్మల పుస్తకం పొయ్యిలో పెట్టాడు. అమ్మ అదే మంట మీద ఆయనకు టీ కాచి ఇచ్చింది.

పోయినేడాది బొమ్మలు గీసుకోవడానికి వియత్నాం వెళ్ళాను. అక్కడొక రేవులో ప్రతి పడవ ముక్కుకూ రెండు కళ్ళు వేసి ఉన్నాయి. కళ్ళు లేని పడవ గుడ్డిదని వాళ్ల నమ్మకం. వారం రోజులు ఆ కళ్ళే గీశాను. గీస్తున్నంతసేపూ మామే గుర్తొచ్చాడు.

తిరిగొచ్చేసరికి మామ కొత్త పడవ కొన్నాడు. ఫారిన్ వెళ్ళొచ్చిన ఆర్టిస్టునట, రంగులు నేనే వెయ్యాలట. పుస్తకం సంగతి ఆయనకు గుర్తు కూడా లేదు. సరేనని ముక్కుకు అటొకటి ఇటొకటి కళ్ళు వేశాను.

"కళ్ళెందుకు మే?"

"కళ్ళుంటే దారి తప్పదంట మామా."

వియత్నాం పడవల కళ్ళు సముద్రాన్ని చూస్తాయి. నేను వేసినవి పొయ్యి ముందు నిలబడ్డ పన్నెండేళ్ల పిల్ల కళ్ళు. ఒడ్డుకు లాగిన పడవ ముక్కు ఎప్పుడూ మామ వరండా వైపే ఉంటుంది.

నెల తిరక్కుండానే మామ తన కుర్చీ పెరట్లోకి మార్చుకున్నాడు. కళ్ళు చెరిపేద్దామంటే భయం, అవి వచ్చాకే వల నిండుతోందట. ఊరెళ్ళినప్పుడల్లా వాటికి ఇంకో పూత రంగు వేసి వస్తున్నాను.