కుట్టుమిషను లేని ఇంటర్వ్యూ

త్రినాథరావు ఉన్నన్నాళ్లూ కనకరత్నానికి తెల్లారిందంటే క్యారేజీ కట్టడమే పని. ఎ షిఫ్టు పడితే చీకటితో లేచి అన్నం వార్చి, కూర గిన్నె కింద, పెరుగు గిన్నె పైన సర్ది, ఆయన స్టీల్ ప్లాంటు బస్సు కోసం వీధి మలుపు దాకా పరుగెత్తేలోపు చేతికి అందించాలి. ఆయన పోయాక కూడా ఆమెకి ఆ వేళకే మెలకువ వచ్చేది. లేచి ఏం చెయ్యాలో తోచక పొయ్యి ముందు ఊరికే నిలబడేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఆ వేళకి ఆమెకి వేరే డ్యూటీ పడింది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కన్నకూతుర్ని ఇంటర్వ్యూ చెయ్యాలి.

కూతురు హరిచందన లా ఆఖరి సంవత్సరం చదువుతోంది. హైదరాబాదులో ఒక పెద్ద లా ఫర్మ్ వాళ్లు కంప్యూటర్లోనే ఇంటర్వ్యూ చేస్తామన్నారు. నల్లకోటు వేసుకుని కోర్టులో వాదించే ఉద్యోగం కాదట. కంపెనీలు ఒకదానితో ఒకటి రాసుకునే కాగితాలు చదివి, అందులో తిరకాసు ఎక్కడుందో పట్టుకునే ఉద్యోగమట. అందుకోసం ముందు తనలో ఏ తిరకాసూ లేదని వాళ్లని నమ్మించాలి. ఆ నమ్మించడం ప్రాక్టీసు చెయ్యడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు కనుక, ఐదో తరగతితో బడి మానేసిన కనకరత్నమే ప్యానెల్ అయింది.

"టెల్ మీ ఎబౌట్ యువర్‌సెల్ఫ్," అనేది ఆమె, అప్పజెప్పినట్టు.

"నవ్వకమ్మా. ప్యానెల్లో ఎవరూ నవ్వరు."

"మరి కోప్పడతారేటి?"

"కోప్పడరు. మొహంలో ఏమీ కనిపించనివ్వరు."

"అలాంటోళ్ల దగ్గర రోజల్లా ఎలా ఉంటావే?"

"అమ్మా! నెక్స్ట్ క్వశ్చన్."

నెక్స్ట్ క్వశ్చన్ ఎప్పుడూ ఒకటే. జీవితంలో నువ్వు ఎదుర్కొన్న పెద్ద కష్టమేమిటి? ఆ ప్రశ్న వచ్చినప్పుడు హరిచందన వెన్ను నిటారుగా పెట్టి, ఒక్క క్షణం కిందకి చూసి, ఇంగ్లీషులో గడగడా చెప్పేది. ఎక్కడ గొంతు తగ్గాలో, ఎక్కడ ఆగాలో అన్నీ కుదిరిపోయాయి. కనకరత్నానికి అర్థమయ్యే ముక్కలు 'ఫాదర్', 'మదర్' రెండే. ఆ రెండూ వచ్చినప్పుడల్లా తల ఊపేది. ప్యానెల్ తల ఊపకూడదని కూతురు కోప్పడేది.

ఒకనాడు ఆమెకే అనుమానం వచ్చింది.

"ఇన్నాళ్లై వింటన్నాను, నా గురించి ఏటి చెప్తన్నావో నాకే తెలీదు. ఒకసారి తెలుగులో చెప్పు."

"ఎందుకమ్మా, ఊరికే..."

"ప్యానెల్ అడుగుతంది. చెప్పు."

హరిచందన చెప్పింది. మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో ఫర్నేసు పక్కన డ్యూటీ చేస్తూ కుప్పకూలిపోయారు. మాకేమీ మిగల్లేదు. చదువు రాని మా అమ్మ రాత్రింబగళ్లు మిషను కుట్టి నన్ను చదివించింది. ఆ మిషను చప్పుడు వింటూనే నేను చట్టాలు చదువుకున్నాను.

ప్యానెల్ మొహంలో మొదటిసారి నిజంగానే ఏమీ కనిపించలేదు.

"మనింట్లో మిషనేదే?" అంది చివరికి కనకరత్నం.

మిషను లేదు. ఆమెకి సూదిలో దారం ఎక్కించడం తప్ప కుట్టుపని రాదు. ఇక త్రినాథరావు సంగతి. తణుకు దగ్గర పల్లెటూరి నుంచి కుర్రతనంలో వచ్చి ప్లాంటులో చేరిన మనిషి. కరిగిన ఇనుము పక్కన జీవితమంతా పనిచేసినా చెయ్యి కూడా కాల్చుకోలేదు. అంత జాగ్రత్తపరుడు ఒక సెలవునాడు గాజువాక రైతుబజారులో ములక్కాడలు బేరమాడి కొని, ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని ఆ ములక్కాడల గుట్ట మీదకే ఒరిగిపోయాడు.

"ఆ మాటే చెప్పొచ్చు కదే?"

"చెప్పానమ్మా. పోయినసారి ఇంకో ఫర్మ్‌కి ఆ మాటే చెప్పాను." హరిచందన గోళ్లు చూసుకుంది. "డ్రమ్‌స్టిక్స్ అన్నాను. ప్యానెల్లో ఒకాయన నవ్వాపుకోలేక మంచినీళ్లు తాగాడు."

ఆ ఇంటర్వ్యూ అయిన పూట పిల్ల అన్నం ముట్టలేదు. తలనొప్పి అని పడుకుంది. కారణం ఇదని కనకరత్నానికి ఇప్పుడు తెలిసింది.

కొత్త జవాబు రాసిచ్చింది వీరేంద్ర. కాలేజీలో సీనియరు, సీతమ్మధార కుర్రాడు. ఇప్పుడు పిలిచిన హైదరాబాదు ఫర్మ్‌లోనే చేరి ఏడాది కాలేదు, అప్పుడే అందరికీ ఫోన్లో సలహాలిస్తుంటాడు. స్పీకర్లో కనకరత్నానికి కూడా వివరంగా చెప్పాడు.

"ఆంటీ, మార్కులు అందరికీ ఉన్నాయి. వాళ్లకి స్ట్రగుల్ గావాల. మీ ఇంట్లో స్ట్రగుల్ సరిపోదు."

"మనిషి పోయాడు కదా బాబూ."

"పోయారండి, నాను కాదన్లేదు. కానీ సొంతిల్లుంది, ఫించనొస్తంది. అక్కడే వీకయిపోతంది ఆంటీ."

ఇల్లు కట్టినందుకు, ఫించను వచ్చేలా ఉద్యోగం చేసినందుకు తన భర్తని ఎవరైనా తప్పుపడతారని కనకరత్నం ఎన్నడూ అనుకోలేదు. అయితే క్లాసులో సగం మందికి ఉద్యోగాలు వచ్చేశాయి. మిగిలిన పెద్ద ఫర్మ్ ఇదొక్కటే. అన్నం ముట్టని పిల్లని ఇంకోసారి చూడలేననుకుని, మర్నాటి నుంచి ఆ జవాబే కళ్లు దించుకుని వింది.

అలాగే జరిగిపోయేది, పక్కింటి సూర్యకళ రాకపోతే.

సూర్యకళ ఒకరోజు మధ్యాహ్నం చేతిలో జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. కొలతకి పాత జాకెట్టు కూడా తెచ్చింది.

"ఏటి వదినా, కుడతన్నావంట. నాకొక్క మాట సెప్పనేదు!"

"ఎవరన్నారు?"

"ఎవరనాలేటి? మేడ మీద మీ పిల్ల ఫోన్లో సెప్తంటే బట్టలారేత్తూ నానే యిన్నాను. అమ్మ రాత్రంతా మిషన్ కుడతాదని. మరి సప్పుడు యినపడదేటా అనుకున్నాను. తలుపులేసుకుని కుడతన్నావేమో, పాపం." మంచం అంచున కూర్చుని గొంతు తగ్గించింది. "త్రినాథన్న ఇలా ఏటీ నేకుండా ఒగ్గేసి ఎల్లిపోతాడని మేమెవరం అనుకోనేదు. మా ఆయన కూడా అన్నాడు. పైకి అంత పద్ధతిగా కనపడేవోడు, లోపల ఏటున్నాదో అని."

"లోపల ఏటి?"

"అదే, పేకాటేమో అని. మనకెందుకులే వదినా. పోయినోడు."

కనకరత్నం గుడ్డ మడత విప్పింది, మళ్లీ మడిచింది. తన భర్త పేక ముక్క ఎలా ఉంటుందో ఎరగడనీ, టీ తాగినా ఇంటికొచ్చి చెప్పేవాడనీ చెప్పాలనుకుంది. చెబితే కూతురు అబద్ధాలాడుతోందని ఒప్పుకోవాలి. పెళ్లయిన నాటి నుంచీ ఆమె మాట్లాడిందే తక్కువ, ఆ తక్కువలో అబద్ధాలు లేవు. అందుకని గుడ్డ తీసుకుని బీరువాలో పెట్టింది. కుట్టడం రాకపోయినా గిరాకీ మాత్రం వచ్చేసింది.

ఆ సాయంత్రం కూతురితో అంది, "మీ నాన్న పేకాడేవోడంటున్నారు."

"ఎవరు?"

"నీ ప్యానెలోళ్లు కాదు. మన వీధోళ్లు."

హరిచందన మొహం మాడిపోయింది. "ఉద్యోగం వచ్చేస్తే అందరూ మర్చిపోతారమ్మా. ఉట్టి ఆన్సరే కదా," అంది. తనకే సరిగ్గా వినపడనంత మెల్లగా అంది.

ఇంటర్వ్యూ ముందురోజు వీరేంద్ర మళ్లీ ఫోన్ చేశాడు. జవాబు బాగుంది కానీ కంటికి కనిపించేది కూడా ఏదో ఒకటి ఉండాలన్నాడు. వెనకాల గోడ బోసిగా ఉంటే మాట నిలబడదన్నాడు. కుట్టుమిషను ఒకటి కుర్చీ వెనక, ఓ మూలకి, కావాలని పెట్టినట్టు కాకుండా పెట్టాలన్నాడు. పైన సగం కుట్టిన గుడ్డ ఉంటే ఇంకా మంచిదట.

"అమ్మా, సూర్యకళత్తని అడిగాను. వాళ్లత్తగారి పాత మిషను మూలన పడుందట, ఇస్తానంది," అంది హరిచందన, తల్లి వైపు చూడకుండా. "పొద్దున్న నేను తయారవుతుంటాను. నువ్వెళ్లి తెచ్చేస్తావా? పదిన్నరకి మొదలు."

"సగం కుట్టిన గుడ్డ కూడానా?"

"ఆ జాకెట్టు గుడ్డ ఉంది కదా."

కనకరత్నం మర్నాడు పనులన్నీ తెమల్చుకుని పక్కింటికి వెళ్లింది. సూర్యకళ అప్పటికే మిషను తుడిచి, నూనె వేసి, గుమ్మం దాకా జరిపి ఉంచింది.

"రా వదినా. నువ్వా పక్క పట్టు, నానీ పక్క పడతాను. నీ మిషన్ పాడైపోనాదంట కదా, పిల్ల సెప్పింది."

కొత్త అబద్ధం ఇంకొకటి పుట్టిందన్నమాట. ఒకదాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి చేసుకుంటూ పోతున్నారు. కనకరత్నం మిషను చక్రం మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. దాన్ని ఇంట్లోకి తీసుకెళ్లి పెడితే హైదరాబాదులో కూర్చున్న వాళ్లు చూస్తారు. త్రినాథరావు పెళ్లాన్నీ పిల్లనీ వీధిన పడేసి పోయాడనడానికి ఇక సాక్ష్యం కూడా ఉన్నట్టే. ఆ సాక్ష్యాన్ని తనే మోసుకెళ్లాలి.

ఆమె చెయ్యి తీసేసి స్టూలు లాక్కుని కూర్చుంది.

"టీ పెడతావేటి సూర్యకళా?"

"టీయా? టైమైపోతందే!"

"అవనీ. పెట్టు."

టీ మరుగుతుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, ఎక్కడున్నావ్? పది నిమిషాల్లో లింక్ ఓపెనవుతుంది. మిషనేది?"

"ఇక్కడే ఉంది. రాదు."

"రాదా? బరువుగా ఉందా? నేనొస్తానుండు..."

"బరువని కాదు. నేను తేను, నువ్వూ రావద్దు."



"మరి నా వెనకాల ఏముంటుందమ్మా?" అంది హరిచందన. ఏడుపు దగ్గరికొచ్చిన గొంతు.

"గోడ ఉంటాది. మీ నాన్న దగ్గరుండి కట్టించాడు. బాగానే ఉంటాది."

"అయితే ఆ ఆన్సర్ ఎలా చెప్పాలి?"

"అది చెప్పకు. పెద్ద కష్టం ఏటని అడిగితే మీ నాన్న పోయాడని చెప్పు. ఎక్కడంటే బజార్లో అను. నవ్వితే నవ్వనీ, మంచినీళ్లు తాగితే తాగనీ. ఆళ్లు నవ్వినంతమాత్రాన ఆయనకేటి తక్కువ?"

"ఉద్యోగం రాకపోతే?"

కనకరత్నం ఇన్నాళ్లూ ప్రశ్నలే నేర్చుకుంది. "నేను అన్నం పెడతానుగా," అంది.

హరిచందన ఫోన్ పెట్టేసింది. కోపమో మరేమో తెలియలేదు. తన ఇంటి కిటికీ రెక్క మూసిన చప్పుడు, తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు వినపడ్డాయి.

సూర్యకళ రెండు గ్లాసులు తెచ్చి మిషను మీదే పెట్టింది.

"ఏటి వదినా ఇది, నాకేటీ బోధపడనేదు. నీకు మిషన్ ఉన్నాదా, నేదా?"

"లేదు. ఎప్పుడూ లేదు. నాకు కుట్టడం రాదు. మీ అన్న మాకు ఇల్లు కట్టి, ఫించను వచ్చేలా చేసి, పిల్ల ఫీజు కట్టేసి ఎల్లాడు. ఆ రోజు ములక్కాడలు కూడా బేరమాడి సంచీలో ఏయించుకునే పోయాడు. ఎవరో తెచ్చి మా గుమ్మంలో పెట్టారు." ఆమె ఒక గుక్క తాగింది. "పేకాట కాదు. ఈ మాట మీ ఆయనకి చెప్పు."

సూర్యకళ నోరు తెరిచింది. త్రినాథరావు పోయాక కనకరత్నం ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా ఆమె వినలేదు.

"మరి నా జాకెట్టు?"

"టైలరుకి ఇయ్యి."

తన ఇంట్లోంచి హరిచందన గొంతు మొదలైంది. 'గుడ్ మార్నింగ్' దాకా తెలిసింది, తర్వాత తెలియలేదు. కనకరత్నం విందామని కూడా ప్రయత్నించలేదు. గుమ్మంలో మిషను దారికి అడ్డంగా ఉంది. సూర్యకళ మొగుడు అవతలి నుంచి వచ్చి, దాన్ని ఇటు పట్టుకెళతారో అటు పట్టుకెళతారో తేలక, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి నిలబడ్డాడు.

కనకరత్నం గ్లాసు మళ్లీ అందుకుని, స్టూలు మీద ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది.