సార్ చేసిన ఫిల్మ్

మా సార్ పోయారన్న కబురు అమ్మ ఫోన్ చేసి చెప్పారు. పొద్దున షాపు షట్టరు ఎత్తుతున్నాను. "మీ సారు లేడయ్యా ఇగ. జర వచ్చిపో" అన్నారు. షట్టరు మళ్లీ దించి చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా నడిచి వెళ్లాను. నాకు బండి ఉందన్న సంగతి ఆయన గేటు ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది.

అమ్మ అంటే సార్ భార్య. నేను సార్ దగ్గర క్లాసులో కూర్చుని చదివినవాణ్ని కాదు. ఆయన నారాయణగూడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. నేను ఏడో తరగతితో ఆపేసి, ఫొటోలు కడగడం చూసి చూసి నేర్చుకుని చిన్న స్టూడియో పెట్టుకున్నవాణ్ని. అయినా నాకు సార్ అంటే ఆయన ఒక్కరే. ఆయనకు చెప్పాల్సిన నిజం ఒకటి మూడేళ్లు నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు వినడానికి ఆయన లేరు. అందుకని మీకు చెప్తున్నాను.

సార్‌కి ఒక చెక్క కెమెరా ఉండేది. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని తీసేది. దానికి రీలు పనికిరాదు. ఫొటోకి ఒకటి చొప్పున, పోస్టుకార్డంత కట్ ఫిల్మ్ పెట్టాలి. ఆదివారానికి ఒక్క ఫొటో తీసేవారు. సోమవారం నా షాపుకి తెచ్చి "ఏం స్టూడియో, ఖాళీగున్నవా?" అనేవారు. నా పేరు ఆయన నోట ఎన్నడూ వినలేదు. కడిగిన నెగటివ్‌ని ట్యూబ్‌లైటుకి ఎత్తి చూస్తూ, ఏ మందు ఏం చేసిందో, ఎందుకు చేసిందో చెప్పేవారు. ఇరవై ఏళ్లు చేత్తో చేసిన పని నాకు అర్థమైంది ఆ సోమవారాల్లోనే. పాస్‌పోర్టు ఫొటోల కవర్ల వెనక ఆయన రాసిచ్చిన సూత్రాలు ఇంకా దాచుకున్నాను.

అప్పటికే నా షాపులోకి డిజిటల్ వచ్చేసింది. అశోక్‌నగర్‌లో పరీక్షలకు చదివే పిల్లలు దరఖాస్తుకు ఆఖరి రోజున ఫొటోల కోసం వరస కట్టేవారు. సార్ స్టూలు మీద కూర్చుని వాళ్లను చూసేవారు. "ఫొటో ఐదు నిమిషాలల్ల వస్తున్నది. ఉద్యోగం గూడ గిట్లనే వస్తె బాగుండు" అనేవారు. పిల్లలు నవ్వేవారు.

2010 ప్రాంతంలో ఆ కట్ ఫిల్మ్ ఇక రాదని డీలరు చెప్పాడు. కంపెనీ తయారీ ఆపేసిందట. ఆ మాట సార్‌కి చెప్పడానికి రెండు వారాలు జంకాను. తీరా చెప్తే కళ్లద్దాలు తుడుచుకుని, "కంపెనీ మానేసింది. వెండి మానేసిందా? జిగురు మానేసిందా? మనమే చేద్దాం" అన్నారు.

ఫిల్మ్ అంటే పల్చటి ప్లాస్టిక్ మీద వెండి ఉప్పు కలిపిన జిలాటిన్ పూత. పాత ఎక్స్‌రేలను వేడినీళ్లలో నానబెట్టి, పైపొరంతా గీకేసి, ఆ ప్లాస్టిక్ మీదే తన పూత వేయాలని సార్ ఆలోచన. మొదటిసారి వంటింట్లోనే మొదలుపెట్టారు. నేను గుమ్మంలో ఉన్నాను. అమ్మ వచ్చి పొయ్యి మీదికి తొంగిచూశారు.

"ఏందది, గంజి కాస్తున్నవా?"

"జిలాటిన్."

"అంటే?"

సార్‌కి అబద్ధం చేతకాదు. "ఎముకల జిగురు" అన్నారు.

"నా పాలగిన్నెలనా?"

గిన్నె బయటికి వెళ్లిపోయింది. దాని వెనకే సార్ కూడా. ఆ రోజు నుంచి పనంతా డాబా మీది గదిలోకి మారింది. కిందికి దిగితే స్నానం చేశాకే అన్నం. చలికాలంలోనూ అదే చట్టం, సార్ ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. సుల్తాన్ బజార్‌లో అమ్మ చీరలు చూస్తుంటే ఆయన పక్క దుకాణంలో ఎనామిల్ గిన్నెలు చూసేవారు. వెండి ఉప్పు తగిలి వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. పెళ్లికి వెళ్తే అమ్మ మెల్లగా, "ఆ చేతులు జర జేబుల పెట్టుకో" అనేవారు.

"ఫొటోల ఏదో వస్తువు వస్తే చాలదు స్టూడియో" అన్నారు ఒకరోజు. "నేను చేసిన ఫిల్మ్ మీద ఒక మనిషి మొహం గుర్తుపట్టేటట్టు రావాలె. గదొక్కటి చూస్తే చాలు నాకు."

"ఎవరి మొహం సార్?"

"ఇంకెవరిది? మీ అమ్మదే. ఇన్నేండ్ల సంది నా ముందటనే తిరుగుతున్నది, ఒక్క ఫొటోకి నిల్చోలే."

పూత వేయడం ఆయన పని. ఆయన చేతులకు వణుకు ఉండేది కాబట్టి, చీకట్లో ఫిల్మ్‌ని కెమెరా వెనక దూర్చే హోల్డర్‌లో పెట్టడం, తర్వాత కడగడం నా పని. పుస్తకం కూడా నాదే. రోజు పద్దు రాయందే నాకు తోచదు, అది ఆయనకు తెలుసు. ప్రతి ఫిల్మ్‌కి ఒక నంబరు, ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, కెమెరా మూత ఎన్ని సెకన్లు తీశాం, ఏమొచ్చింది, అన్నీ రాసేవాణ్ని. "నా కండ్ల కన్న నీ పుస్తకం నయం" అనేవారు.

ముప్పై ఫిల్ములు పోయాయి. కొన్ని మొత్తం నల్లబడ్డాయి. కొన్నిటి పూత నీళ్లలోనే ఊడి మీగడలా నా వేళ్లకు అంటుకుంది. ఇరవై తొమ్మిదో దాంట్లో డాబా మీది నీళ్ల డ్రమ్ము ఆయనకు కనిపించింది, నాకు కనిపించలేదు. ఆ తర్వాత ఆయన జ్వరంతో పడ్డారు. లేచాక బాగా చిక్కిపోయారు. "ముప్పై ఒకటి చూద్దాం. రాకుంటె బంద్. మీ అమ్మ సంతోషపడ్తది" అన్నారు.

నా దగ్గర కంపెనీ ఫిల్ములు మూడు మిగిలి ఉన్నాయి. చీకటి గదిలో, సార్ చేసిన ఫిల్మ్‌ని పక్కన పెట్టి కంపెనీ ఫిల్మ్‌ని హోల్డర్‌లో పెట్టాను. దాని అంచున గుర్తుగా ఉండే గాట్లను కత్తెరతో తీసేశాను. అంటే తెలిసే చేశాను. ఆయన కోసం చేశానని చాలాకాలం అనుకున్నాను. ఆయన మానేస్తే నాకు సోమవారాలు ఉండవన్న భయం కూడా అందులో ఉంది.

ఇంట్లో చేసిన ఫిల్మ్‌కి కంపెనీ దానికంటే పదింతలు ఎక్కువసేపు వెలుగు కావాలి. అందుకే ఎప్పుడూ ఇరవై సెకన్లు మూత తీసేవాళ్లం. ఆ రోజు మాత్రం, "ఈసారి పూత బాగా కుదిరింది సార్, రెండు సెకన్లు చాలు" అన్నాను. ఆయన సరే అన్నారు.

డ్రమ్ము వచ్చింది. బట్టల తీగె వచ్చింది. సార్ స్టూలు మీద కూర్చుండిపోయారు. నెగటివ్‌ని వెలుగుకి ఎత్తి, "క్లిప్పులు గూడ లెక్కపెట్టొచ్చు స్టూడియో" అన్నారు. అమ్మ పైకి వచ్చి చూశారు. "ఇన్ని నెలలు కూసొని డ్రమ్ము తీసిండ్రా ఇద్దరు?" అన్నారు. సార్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వు చూస్తూనే పుస్తకంలో రాశాను: ముప్పై ఒకటి. రెండు సెకన్లు. స్పష్టంగా ఉంది.

ఇక మొహమే తీద్దామన్నారు. అమ్మను ఒప్పించారు. ముప్పై రెండు నుంచి ప్రతి ఫిల్మ్‌కీ రెండే సెకన్లు. ఏమీ రాలేదు. ఏదో నీడ, అంతే. నిజానికి ఆ ఏడాదిలో ఆయన పూత మెరుగైంది. ఊడటం తగ్గింది, అంతటా సమానంగా పరుచుకుంటోంది. కడిగేది నేనే కాబట్టి నాకు తెలుస్తూనే ఉంది. దానికి కావాల్సింది ఇంకాస్త వెలుగు.

"ఇరవై సెకన్లు పెట్టి చూద్దామా సార్?" అన్నాను ఒకసారి.

"ముప్పై ఒకటికి ఎన్ని పెట్టినం? సదువు."

పుస్తకం తీసి చదివాను.

"మరి? నీ పుస్తకం తప్పు చెప్పదు. నా చెయ్యే తప్పుతున్నది. ఆనాడు కుదిరింది, మళ్ల కుదురుతలేదు. ముసలోణ్ని అయిన" అన్నారు.

యాభై ఏడో ఫిల్మ్ దాకా ఆయన అదే నమ్మారు. నిజం చెప్పాలని మూడుసార్లు ఆ మెట్లెక్కాను. ఒకసారి ఆయన పాత ఎక్స్‌రేలు గీకుతూ పాట పాడుకుంటున్నారు. ఒకసారి నాకు టీ తెప్పించారు. ఇంకోసారి ఎందుకు చెప్పలేదో గుర్తులేదు. పోయిన చలికాలం తర్వాత ఆయన మంచం పట్టారు, గదికి తాళం పడింది.

కర్మ అయిన మర్నాడు అమ్మ నాకు ఆ తాళంచెవి ఇచ్చారు. "ఆ సామాను సంగతి నీకే తెలుస్తది. చూసి తీసెయ్" అన్నారు. గిన్నెల వెనక ఒక నల్ల కాగితం కవరు దొరికింది. పైన పెన్సిల్‌తో సార్ అక్షరాలు: యాభై ఎనిమిది. మూత మరిచాను. చెడిపోయింది.

ఆ నంబరు నా పుస్తకంలో లేదు. కిందికి వెళ్లి అమ్మను అడిగాను.

"నువ్వు ఫిల్మ్ పెట్టిపోయిన డబ్బల ఒకటి మిగిలిందని, మంచం పట్టక ముందు నన్ను నిలబెట్టి తీసిండు. రెండు లెక్కపెట్టి మూత పెడ్తనన్నడు. నేనేదో అడుగుతున్న, ఆయన మూత చేతుల పట్టుకొని వినుకుంట నిల్చున్నడు. 'మూత పెట్టవా' అని నేనే అన్న. ఖరాబు చేసిన అనుకుంట లోపల పెట్టిండు."

కవరు తీసుకుని షాపుకి వెళ్లాను. చాలా రోజులైంది ఎర్రబల్బు వేసి. మందులో పెట్టి ట్రే ఊపుతూ నిలబడ్డాను. ముందు తలుపు అంచు వచ్చింది, తర్వాత భుజం, తర్వాత మొహం. ఒక మూల పూత లేవబోతే వేలితో అదిమి పట్టుకున్నాను. "సార్" అని పైకే అన్నాను. గదిలో నేనొక్కణ్నే ఉన్నాను.

ప్రింటు వేసి మర్నాడు అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చేతికి ఇచ్చేముందు ముప్పై ఒకటో ఫిల్మ్ సంగతి మొత్తం చెప్పాను. రెండు సెకన్ల సంగతీ చెప్పాను. ఆమె కదలకుండా విన్నారు.

"ఆయన ఉన్నప్పుడు చెప్పకపోతివి" అన్నారు. తిట్టినా బాగుండేది.

ప్రింటు కోసం చెయ్యి చాపారు. "మరి ఇది?"

"ఇది సార్ చేసిందే అమ్మా. మొత్తం ఆయన చేసిందే."

వెలుగు కోసం ఆమె కిటికీ దగ్గరికి జరిగారు. నేను వెనక నిలబడి చూశాను. ఫొటో అంతా సన్నటి ఇసుక చల్లినట్టుంది. ఒక మూల పూత లేచిన మచ్చ ఉంది. డాబా గది తలుపుకి తల ఆనించి అమ్మ నిలబడి ఉన్నారు. ముక్కుపుడక, పాపిటి దగ్గర నెరిసిన వెంట్రుకలు, సూటిగా ఆయన్నే చూస్తున్న కళ్లు, అన్నీ తెలుస్తున్నాయి. పెదవులు ఒక్కటే తెలియడం లేదు. మూత తీసి ఉన్నంతసేపూ ఆమె ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారు. అవి ఉండాల్సిన చోట ఊపిరి తగిలిన అద్దంలా మసగ్గా ఉంది.