దుదు బావ ముద్ర

దుదుకి ఒకటే పిచ్చి. కంటికి కనిపించిన ప్రతిదానికీ తడిమట్టి మెత్తి, దాని మీద బొమ్మ చెక్కిన తన ముద్రరాయి దొర్లించాలి. లోకంలో మనుషులు రెండే రకాలని ఆయన నమ్మకం. ముద్ర వేసుకున్నవాళ్లు, దొంగల పాలైనవాళ్లు.

ఊళ్లో ముద్రరాళ్లు లేనివాళ్లెవరు? కోతలయ్యాక బార్లీ గింజలు కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, ముడి మీద మట్టి పెట్టి రాయి దొర్లించడం అందరూ చేసేదే. ఏడాదికి నాలుగుసార్లు మెడలోంచి రాయి ఉన్న తాడు తీసి, పని కాగానే మళ్లీ మెడలో వేసుకుంటారు. తియ్యడం, వేసుకోవడం దండగని దుదు రాయిని ముంజేతికే కట్టుకున్నాడు. గింజల కుండలూ, ఎండుచేపల బుట్టలూ అయితే సరే అనుకోవచ్చు. బీరు తాగే రెల్లుగొట్టానికి ముద్ర. గాడిద మీది గోనెకి ముద్ర. అత్తగారి మందుల బుడ్డికి ముద్ర. ఒకసారి మామగారు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే గడ్డం చివర ముడికి కూడా ముద్ర పడింది. ఇద్దరు సాక్షులు లేనిదే పగలగొట్టనని దుదు పట్టుపట్టాడు. పాపం ఆ పెద్దాయన గడ్డమే కత్తిరించుకున్నాడు.

ఈ బాధ అందరికంటే ఎక్కువ పడ్డవాడు లుగూలా. దుదు భార్య నింకల్లాకి సొంత తమ్ముడు, పక్కింట్లోనే కాపురం, చేసేది కుండల పని. అంటే ముద్ర వెయ్యడానికి కుండలూ, మెత్తడానికి మట్టీ ఒక్కచోటే దొరికే ఏర్పాటన్నమాట. అంత సౌకర్యమైన బావమరిది ఎవరికి దొరుకుతాడు?

"బావా, పొద్దున్న చక్రం పక్కన పెట్టుకున్న మట్టి ఏదీ?"

"వీధిలో పనులు తగిలాయిరా."

"ఏం పనులు?"

"ఇంకేం పనులుంటాయి? ముద్రలు."

"మూడురోజులు తొక్కిన మట్టి బావా అది! గిన్నెలకని తీసిపెట్టుకున్నాను!"

"అందుకేరా ముద్ర అంత నున్నగా పడింది. నీ కాళ్లలో పనితనం ఉంది."

తిట్టబోయినవాణ్ణి మెచ్చుకుంటే ఏం చేస్తాడు? లుగూలా మళ్లీ కాలువ గట్టుకి పోయి మట్టి తవ్వుకొచ్చుకునేవాడు.

ఇంతకీ ఆ ముద్ర అందమేమిటంటే, బార్లీ కంకి పక్కన మేక నిలబడి ఉండాలి. మేక అయితే నిలబడింది గానీ అయిదు కాళ్ల మీద నిలబడింది. చెక్కినవాణ్ణి అడిగితే ఆ అయిదోది తోక అన్నాడట. తోక నేల దాకా ఉండి, చివర గిట్ట కూడా ఉండడం లుగూలా ఎక్కడా చూడలేదు.

"మార్పించుకో బావా. ఊరంతా నవ్వుతోంది."

"నవ్వనీ. దొంగముద్ర చెక్కేవాడు మేకకి నాలుగు కాళ్లే పెడతాడు. అక్కడ దొరికిపోతాడు."

కూతురి పెళ్లిలో ఆయన చేసిన ఘనకార్యం ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. అతిథులు బారులు తీరి కూర్చున్నారు. రొట్టెల గంపలు వరసగా ఉన్నాయి. ప్రతి గంపకీ అయిదు కాళ్ల మేక కాపలా ఉంది. నింకల్లా చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ, రొట్టెలు తియ్యండి!"

"ఇద్దరు సాక్షులు కావాలి."

"రెండొందలమంది కళ్లప్పగించి చూస్తున్నారు కదండీ, చాలరా?"

"వాళ్లంతా ఆకలి మీదున్నారే. ఆకలి మీదున్నవాడి సాక్ష్యం చెల్లదు."

చివరికి పక్కవీధిలో భోంచేసి పడుకున్న ఇద్దరు ముసలాళ్లని లేపి తీసుకొచ్చాక గంపలు తెరుచుకున్నాయి. అప్పటికి మగపెళ్లివారిలో సగంమంది ఉల్లిపాయలు నమిలి కడుపు నింపుకున్నారు.

ఇంకోసారి లుగూలా గడ్డి కొట్లో నిద్రపోతుంటే బయటినుంచి తలుపుకి ముద్ర పడింది. లోపలినుంచి వాడు గోల పెట్టాడు.

"నేనున్నాను బావా లోపల!"

"ఉంటే మరీ మంచిది. కాపలా కూడా ఉన్నట్టయింది," అని దుదు నిశ్చింతగా వెళ్లిపోయాడు.

ఇక విత్తుల కాలం వస్తోందంటే ఆయన హడావిడి చెప్పనక్కర్లేదు. భుజాన బరువైన సంచి వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. సంచిలో ఏముందంటే మట్టి అనేవాడు. కాలువ గట్టు నిండా మట్టి పెట్టుకుని ఇంకా మోసుకు తిరిగే ప్రబుద్ధుణ్ణి ఏమనాలి? లుగూలా దీని మీద వేసిన జోకులు పోగుచేస్తే కుండలు కాల్చే ఆవం నిండుతుంది. సంచి మోసి మోసి దుదు ఎడమ భుజం కిందికి జారిపోయింది కూడా.

ఆ సంచితో ఆయన తప్పకుండా ఆగే ఇల్లు శాశాది. ఆరేళ్ల కిందట కాలువ పూడిక తీస్తుంటే గట్టు విరిగి శాశా మొగుడి మీద పడింది. ఇద్దరు ఆడపిల్లలు, కాలువ పక్కన గుడి ఇచ్చిన పొలం చెక్క, ఇదే ఆమెకి మిగిలింది. చెక్క చిన్నదే గానీ నీళ్లు ముందుగా అందే నేల. అంత మంచి నేల ఆడకూతురి చేతిలో ఉండడం కొందరికి కడుపుమంట.

ఆ కొందరిలో గుడి పొలాల అధికారి ఉర్మెస్ మేనల్లుడు ముఖ్యుడు. విత్తుల ముందు ఉర్మెస్ ఇంటింటికీ వచ్చి విత్తనాల కుండ చూస్తాడు. కుండ నిండుగా ఉంటే పొలం నీది. విత్తనం తినేశావా, ఆ రోజే పొలం ఇంకొకరిది. గింజల దేవత నిసాబా తల్లి నేల ఒక్క ఏడు కూడా బీడు పడకూడదట. తల్లి ఈ మాట ఎవరికి చెప్పిందో తెలియదు గానీ, ఉర్మెస్‌కి బాగా వినిపించింది. మేనల్లుడికి ఇంకా బాగా వినిపించింది.

ముద్ర ఉన్న విత్తనాల కుండని విత్తేరోజున పొలం గట్టు మీద తప్ప తెరవకూడదు. అది ఊరి కట్టుబాటు. అందుకని అధికారి వెంట ఒక కుమ్మరి వస్తాడు. వేలి కణుపుతో కుండ మీద కొట్టి, చప్పుడు విని, నిండో వెలితో చెబుతాడు. ఆ మాటకి తిరుగులేదు. ఆ ఏడు ఆ గౌరవం లుగూలాకి దక్కింది. దక్కగానే వాడు అక్కతో ఏమన్నాడంటే...

"చూస్తూ ఉండక్కా, ఈసారి బావ ముద్ర వేసిన ప్రతి కుండనీ నాలుగుసార్లు కొడతాను. ఒక్కటి వెలితి తేలనీ, ఆ రాయి తీయించి కాలువలో వేయిస్తాను."

"వేయించరా. నీకు పుణ్యముంటుంది. మొన్న నా జడకి వేశారు," అంది నింకల్లా.

ఆ ఏడు ఉర్మెస్ పదిరోజులు ముందే దిగాడు. ఎందుకు ముందొచ్చాడని అడిగే ధైర్యం ఎవరికుంది? నాలుగిళ్లు చూసి అయిదో ఇల్లు శాశాది తొక్కాడు. పక్కన మేనల్లుడు, వెనక లుగూలా. లోపల మూలన కుండ ఉంది, దాని పక్కన మోచేతుల దాకా మట్టితో దుదు ఉన్నాడు.

"నువ్విక్కడేం చేస్తున్నావయ్యా?"

"ముద్ర ఆరుతోందండి. ఈగలు వాలకుండా విసురుతున్నాను."

ఉర్మెస్ నిట్టూర్చి లుగూలా వైపు చెయ్యి ఊపాడు. వాడు ముందుకొచ్చి, ఇవాళ నీ పని పడతానన్నట్టు బావ వైపు ఓ చూపు చూసి, కుండ పొట్ట మీద కొట్టాడు.

కుండ గంటలా మోగింది.

ఇరవయ్యేళ్లుగా కుండలు కొట్టి అమ్ముకుంటున్నవాడికి ఆ చప్పుడేమిటో తెలియకపోవడమేం? లోపల గుప్పెడు గింజలు కూడా లేవు. తలెత్తి చూశాడు. శాశా చిన్నకూతురి భుజం పట్టుకుని గోడకి అతుక్కుపోయింది. ఏ విషయానికైనా నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడే దుదు ఈగలు విసరడం కూడా మానేసి నిలబడ్డాడు. బావ ముఖంలో భయం లుగూలా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఏమయ్యా, చెప్పవేం?"

"నిండు," అన్నాడు లుగూలా.

"మోగిందే?"

"మోగదూ మరి! నేను కాల్చిన కుండండీ. బాగా కాలితే నిండుకుండైనా మోగుతుంది. ఊళ్లో తక్కినవాళ్లు చేసే పచ్చికుండలైతే మూలుగుతాయి."

మేనల్లుడికి ఈ శాస్త్రం రుచించలేదు. "ఏదీ, ఓసారి ఎత్తు చూద్దాం," అన్నాడు.

లుగూలా గోచీ బిగించాడు. కుండని రెండు చేతులా కావలించుకున్నాడు. చిటికెన వేలితో లేచే కుండని పట్టుకుని మూలిగాడు, పళ్లు కొరికాడు, మెడ నరాలు పొంగించాడు. జానెడు ఎత్తి, "అమ్మో, నడుం!" అని కేకపెట్టి, దించి, కింద కూలబడ్డాడు. తరవాత ఆ సాయంత్రం దాకా, మిగిలిన పదమూడు ఇళ్లలోనూ, వాడు నడుం పట్టుకునే తిరగవలసి వచ్చింది. మొదలుపెట్టిన నాటకం మధ్యలో ఆపడం కుదరదు కదా.

పని కాగానే బావని ఆవం వెనక్కి లాక్కుపోయాడు.

"ఖాళీ కుండకి ముద్ర వేస్తావా? దొరికితే నా గతేమిటి? గుడి పని పోయేది, వీపు చిట్లేది!"

"మరి నిండు అని ఎందుకన్నావురా?"

"ఏమో, నోట్లోంచి వచ్చేసింది. ముందు నువ్వు చెప్పు."

దుదు చేతుల మట్టి గోక్కుంటూ చెప్పాడు. "నిరుటిదాకా ప్రతి ఏడూ సంచిలో మా ఇంటి గింజలే తీసికెళ్లి ఆ కుండలో పోశాను. ఈ ఏడు మా పొలంలో ఉప్పు తేలి పంట పోయింది, నీకు తెలుసుగా. సంచిలోకి ఏమీ రాలేదు. ఆ పిల్లలు విత్తనం తినేశారు. ఆకలేస్తే తినరూ? ఈ మహానుభావుడు పదిరోజులు ముందే ఊడిపడ్డాడు. నా దగ్గర ముద్ర తప్ప ఏముందిరా?"

"మరి ఊరందరి తలుపులకీ, రొట్టెలకీ, మా నాన్న గడ్డానికీ ఎందుకు బావా ఈ ముద్రలు?"

"ఒక్క ఆవిడ కుండకే వేస్తే ఎందుకు వేశావంటారు. నాలుగు నోళ్లు నాలుగు మాటలంటాయి. ఊరంతా వేస్తే పిచ్చోడంటారు. పిచ్చోడి సంచిలో ఏముందో ఎవడు చూస్తాడు?"

ఇన్నేళ్లు వేసిన జోకులన్నీ తిరిగొచ్చి లుగూలానే కుట్టాయి. "అయితే ఇదంతా నటనా?" అన్నాడు.

"మొదట్లో నటనేరా. తరవాత అలవాటైపోయింది. ఇప్పుడు ముద్ర లేని కుండ కనపడితే నిద్ర పట్టడం లేదు."

లుగూలా లోపలికెళ్లి తన ఇంటి గింజలు గోనెకెత్తి తెచ్చాడు. "పద. ముద్ర పగలగొట్టి పోసేసి, మళ్లీ వేద్దువుగాని."

దుదు ఉలిక్కిపడ్డాడు. "పగలగొట్టడమా? పొలం గట్టు మీద కాకుండానే? కట్టుబాటురా!"

"ఖాళీ కుండకి ముద్ర వేసినప్పుడు లేని కట్టుబాటు ఇప్పుడెక్కడినుంచి వచ్చింది?"

"వేసేటప్పుడు నిండుతుందని వేశాను. అది మాట. పగలగొట్టడం మాట తప్పడం."

చీకటి పడేదాకా వాదించినా బావ కదల్లేదు. చివరికి లుగూలా పగిలిన కుండలు కుట్టడానికి చిల్లులు పెట్టే బరమా తీసుకెళ్లి, శాశా ఇంట్లో ఆ కుండని తలకిందులు చేసి, తన చేత్తో చేసిన కుండ అడుగుకి తన చేత్తోనే చిల్లు పెట్టాడు. శాశా దోసిళ్లతో గింజలు పోస్తూ, "అన్నా, వచ్చే కోతకి తీర్చేస్తాను," అంది. "ముందు పొయ్యమ్మా," అని కసిరాడు వాడు. నిండాక చిల్లు తారుతో మూశాడు.

"కుండ నాది, బరమా నాది, గింజలు నావి, తారు నాది. ఇందులో నీదేముంది బావా?"

"ముద్ర," అని దుదు తారు మీద రాయి దొర్లించాడు.

విత్తేరోజున ఉర్మెస్ మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని శాశా పొలానికి వచ్చాడు. దుదు వాళ్లిద్దరినే సాక్షులుగా నిలబెట్టి, భోంచేసి వచ్చారో లేదో అడిగి మరీ ముద్ర పగలగొట్టాడు. గుడ్డ విప్పితే మూతి దాకా బార్లీ. మేనల్లుడి ముఖం చూడాలి ఆ క్షణంలో. శాశా పెద్దకూతురు గింజలు గొర్రు మీది విత్తనాల గొట్టం జడ్డిగంలోకి పోస్తుంటే కుండ వంగింది. అడుగున నల్లటి తారు, దాని మీద అయిదు కాళ్ల మేక కనిపించాయి.

"ఇదేమిటయ్యా, అడుగున కూడానా?" అన్నాడు ఉర్మెస్.

లుగూలా గబుక్కున కుండ నిలబెట్టబోయాడు. దుదు మాత్రం తొణకలేదు.

"దొంగలు పైనుంచే వస్తారని మీకెవరు చెప్పారండీ?"

ఉర్మెస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చి బాగా ముదిరిందయ్యా నీకు," అన్నాడు. చుట్టుపక్కల పొలాలవాళ్లంతా పగలబడ్డారు. లుగూలా ఒక్కడికే నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా బావని పిచ్చోడని తను అంటూనే ఉన్నాడు. ఇంకొకడు అంటే ఇంత మండుతుందని వాడికి తెలియదు.

"నవ్వండి, నవ్వండి! మా బావ ముద్ర వేసిన కుండ ఈ ఊళ్లో ఒక్కసారైనా వెలితి తేలిందా? అసలు మీకెవరికైనా తెలుసా ఆయన..."

దుదు గబగబా వచ్చి వాడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. రెండో చేతిలో అప్పటికే తడిమట్టి ముద్ద ఉంది.

"ఇంకొక్క మాట మాట్లాడావంటే నీ నోటికే వేస్తాను," అన్నాడు చిన్నగా.

లుగూలా నోరు మూసుకున్నాడు. శాశా ఎద్దుల్ని అదిలించింది.