దొరసాని చూపు

కరెంటు మీటర్లు చదివి బిల్లులిచ్చే ఆయన్ని వీధుల్లో అందరూ మీటరాయన అనేవారు. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎక్కని మెట్లు లేవు, ఆయన మీదికి ఎగబడని కుక్కా లేదు. జనం మీటర్లను ఎక్కడ బిగించుకుంటారో చూస్తే మనిషి తెలివి మీదే అసహ్యం పుడుతుంది. మెట్ల కింద చీకట్లో, స్నానాలగది గోడకి, లేదంటే సరిగ్గా కుక్కను కట్టేసిన చోట. ఆయనకి ఎడమ పిక్క మీద రెండు గాట్లు, మోచేతి కింద ఒకటి మిగిలాయి. కరిచిన ప్రతిసారీ ఇంటావిడ ఎవరో ఒకరు తీరిగ్గా వచ్చి, "మాది ఏమీ అనదండీ, కొత్తవాళ్ళయితేనే కాస్త..." అనేది. అదేం ఓదార్పో ఆ కరిపించుకున్నవాడికే తెలియాలి.

అలాంటి మనిషి ఇంటికి ఆయన భార్య ఒక బొచ్చుకుక్కపిల్లను తెచ్చింది. ఆ ఇంట్లో ఆమె ఆయన్ని అడక్కుండా చేసిన పని అదొక్కటే. దానికి దొరసాని అని పేరు కూడా పెట్టుకుంది. ఆయన ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. ఆమె పిల్లను ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది గానీ వదల్లేదు. ఆ రోజు నుంచీ దారికి అడ్డొస్తే దాన్ని కాలితో పక్కకి నెట్టేవాడు. నెట్టడమని ఆయన అనేవాడు. తన్నడమని నేనంటాను. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

చలికాలంలో భార్య గుండె ఆగి చనిపోయింది. కుక్క గుమ్మంలో కూర్చుని రోజల్లా కుయ్యో మని మూలిగేది. మూడు వారాలు చూసి, దాన్ని కాలితోనే గోనెసంచిలోకి నెట్టి స్కూటరు మీద పెట్టుకుని, వంతెన దాటాక గోడౌన్ల దగ్గర దించేసి వచ్చాడు. పదకొండో రోజు పొద్దున్నే తలుపు తీస్తే మెట్టు మీద ఉంది. అరికాళ్ళు పచ్చిపుండ్లయి ఉన్నాయి. గోడకి అంటుకుని ఆయన్ని తప్పించుకుంటూ లోపలికెళ్ళి, ఆమె మంచం కిందకి దూరింది. నీళ్ళ గిన్నె తోస్తే, ఆయన గది దాటేదాకా ముట్టలేదు. నాలుగో రోజుకి పోయింది. బయటికి తియ్యడానికి మోకాళ్ళ మీద కూలబడి లోపలికి చెయ్యి పెట్టాడు. దాన్ని చేత్తో ముట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి.

వేరే ఊళ్ళో కాపురముంటున్న కూతురికి మాత్రం, "అమ్మ మీద బెంగతో పోయిందమ్మా" అని చెప్పాడు.

కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. "అమ్మ పోయాక నువ్వే కదా నాన్నా దానికి దిక్కయ్యావు. నిన్ను ఏదో అనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది. అంతకుముందు తల్లితో మాట్లాడి ఫోన్ పెట్టేసే పిల్ల, ఆ తర్వాత ఆయనకే రోజూ చెయ్యడం మొదలుపెట్టింది. అన్నం తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగేది. ఆ ఫోన్ కోసం ఆయన సాయంత్రం నుంచే కాచుక్కూర్చునేవాడు. దొరసాని బొమ్మ వేయించి పంపమని అడిగితే, సరేనన్నాడు.

బొమ్మలావిడ ఒకప్పుడు దుకాణాలకి బోర్డులు రాసేది. ఫ్లెక్సీలొచ్చి ఆ పని ఊడ్చుకుపోయాక, జనం పోగొట్టుకున్న కుక్కల్నీ పిల్లుల్నీ వేసి బతుకుతోంది. టైర్ల షాపు పైన ఇరుకు గది, టర్పెంటైన్ కంపు. ఆయన తెచ్చిన ఫోటో చూసి పక్కన పెట్టేసింది.

"ఇది సరే బాబాయ్ గారూ. సాయంత్రం మీరు ఇంటికొచ్చేసరికి ఎలా చూసేదో చెప్పండి. అది తెలియకపోతే నేను బొచ్చు వెయ్యగలను గానీ, కుక్కను వెయ్యలేను."

"మామూలుగానేనమ్మా. తోక ఊపుకుంటూ ఎదురొచ్చేది. మీదికెక్కేది."

బొగ్గుముక్కతో ఆమె చకచకా గీసింది. తల ఎత్తి, కళ్ళు విప్పార్చుకుని, ఎదుట నిలబడ్డవాణ్ణి చూసి మురిసిపోతున్న కుక్క. ఆ కళ్ళు ఆయనకి బాగా తెలుసు. తమ యజమానులు బయటికి రాగానే ఊళ్ళో కుక్కలన్నీ పెట్టే కళ్ళు అవి.

"చెరిపెయ్యమ్మా" అన్నాడు.

"ఏం, పోలిక రాలేదా?"

"నా మొహం అది ఎప్పుడూ చూడలేదు. నేనొస్తే మంచం కిందకి పోయేది. అక్కణ్ణుంచి నా కాళ్ళు చూసేది. ఏ కాలు లేస్తుందోనని."

ఆమె గుడ్డతో ఆ కళ్ళు తుడిచేసింది. "మీ అమ్మాయికన్నారు కదా. ఈ చూపే వెయ్యమంటారా?"

ఆయన తల ఊపాడు. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగాడు. తిరిగెళ్ళి మొదటిదే వెయ్యమందామనుకున్నాడు. మంచం కింద తన చేతికి తగిలిన చల్లదనం గుర్తొచ్చి దిగిపోయాడు.

పార్సిలు అందిన రోజు కూతురు ఫోన్ చేసింది. "అచ్చం అదే నాన్నా! కానీ ఇలా బిక్కచచ్చిపోయి కిందికి చూస్తోందేంటి? దేన్ని చూస్తోంది?"

బంతి అనొచ్చు, గిన్నె అనొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"నా కాళ్ళనమ్మా" అన్నాడు. గోనెసంచి, వంతెన, పదకొండు రోజులు, అన్నీ చెప్పాడు.

"అమ్మ కూడా నీ మొహం చూసి మాట్లాడేది కాదు నాన్నా" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ పై రోజూ రాలేదు. మంచం మీద కూర్చుని ఆయన ముప్పైనాలుగేళ్ళ కాపురమంతా వెనక్కి తిరగేశాడు. భార్య తనవైపు తల ఎత్తి చూసిన రోజు ఒక్కటైనా గుర్తొస్తుందేమోనని చాలాసేపు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.